షానీ ఏ ఓడ ఎక్కాలి

క్లెదెర్, బ్రిటనీ, ఫ్రాన్సు
ఫిబ్రవరి 9

నెస్టా అక్కకి,

ఇక్కడ మేమిద్దరం కులాసా. వాన వస్తుందని నా మోకాలు ముందురోజే చెబుతోంది, నీ మరదలు రోజెన్ వాన వచ్చి బట్టలు తడిశాక చెబుతోంది. అంతకు మించి మా ఇంట్లో విశేషాలేమీ లేవు.

విశేషాలన్నీ నీ దగ్గరే ఉన్నాయట కదా. ఇంటిబండి కొన్నావని ట్రెగారన్ నుంచి ముగ్గురు రాశారు. మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ లోపలే ఉన్న బండి! ముప్పై ఏళ్ళు బడిపిల్లలకి వండి వడ్డించి, కార్డిఫ్ వెళ్ళాలంటే రెండు రోజుల ముందునుంచి సణిగే మా అక్క, ఏడు గజాల పొడవు బండిని సందుల్లో తిప్పుతోందంటే రోజెన్ నమ్మలేదు. నేను నమ్మాను. చిన్నప్పుడు నాన్న ట్రాక్టరుని వాగులో దింపింది నువ్వే కదా, దెబ్బలు మాత్రం నేను తిన్నాను.

అసలు సంగతికి వస్తాను. షానీని తీసుకురా. పొలం అమ్ముకుని రోజెన్ పుట్టిన ఊరికి వచ్చేసేటప్పుడు, మేం కుదురుకునే దాకా ఉంచుకోమని దాన్ని నీకు అప్పగించాను. మూడేళ్ళయింది. కుదురుకున్నాం. ఇంటి వెనక ఎనిమిది గొర్రెలున్నాయి. నేను ఈల వేస్తే అవి గడ్డి నములుతూ, ఎవరీ పెద్దమనిషి అన్నట్టు చూస్తాయి. షానీ ఉంటే ఒక్క నిమిషంలో వాటికి బుద్ధి చెప్పేది. కుక్కలంటే నీకు పడదని తెలిసీ నీ నెత్తిన పెట్టాను. ఇన్నాళ్ళూ భరించావు. ఇక ఆ బరువు దించేస్తాను.

దారి తేలికే. ప్లిమత్‌లో ఓడెక్కితే రోస్కోఫ్‌లో దిగుతావు. అక్కణ్ణుంచి మా ఇంటికి అరగంట. మా మేడమీది కిటికీలోంచి చూస్తే ఓడ పొగ కనిపిస్తుంది. మే నెలలో రా, సముద్రం నెమ్మదిగా ఉంటుంది.

ఫోను మాత్రం చెయ్యకు. నాకు సరిగా వినపడదు, నువ్వు అరుస్తావు, మనం కొట్లాడుకుంటున్నామని రోజెన్ హడలిపోతుంది.

నీ తమ్ముడు
ఎమ్లిన్


ట్రెగారన్, వేల్స్
ఫిబ్రవరి 25

ఒరేయ్ ఎమ్లిన్,

నీ ఉత్తరం అందింది. మంచి మాట చెప్పావు. దాని బొచ్చు ఊడ్చీ ఊడ్చీ నా చీపురు సగం అరిగిపోయింది. తెచ్చి నీ చేతిలో పెడితే నా పీడ వదులుతుంది. నేనెప్పుడంటే అప్పుడు సిద్ధం. ఓడ ఒక్కటే తేలడం లేదు.

నువ్వేదో ప్లిమత్, రోస్కోఫ్ అని చిటికె వేసినట్టు రాశావు. అడిగి చూశావా? నేను అడిగాను. పగటి ఓడ ఆరు గంటలు. ఆ ఆరు గంటలూ కుక్క కింది అంతస్తులో, లారీల మధ్య, బండిలోనే ఒక్కతే ఉండాలట. మనుషులంతా పైకి పోవాలి. మధ్యలో ఒకసారి దిగి చూసొస్తానన్నా ఒప్పుకోరు. "అంతసేపు చీకట్లో అది ఏం చేస్తుందమ్మా?" అని ఫోనులో ఆ పిల్లని అడిగాను. "చాలామటుకు నిద్రపోతాయండీ" అంది. "మరి మిగతావో?" అన్నాను. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అని పాట పెట్టింది. పావుగంట పాట విని పెట్టేశాను.

రాత్రి ఓడలో కుక్కని మనతో పాటు గదిలో ఉంచుకోవచ్చు. అలాంటి గదులు ఎనిమిదే ఉన్నాయట. మే నెలవన్నీ క్రిస్మస్ ముందే నిండిపోయాయట. ఈ దేశంలో జనం కుక్కల కోసం అంత ముందుచూపుతో బతుకుతున్నారని నాకు తెలియదు.

పోర్ట్స్‌మత్ నుంచి సాన్ మాలో రేవుకి ఇంకో ఓడ ఉంది. అందులో పై డెక్కు మీద బోనులు. పక్క బోనులో ఎలాంటి కుక్క ఉంటుందో ఎవరికి తెలుసు? షానీ సంగతి నీకు తెలియనిది కాదు. నాలుగు ప్రాణులు ఒకచోట కనిపిస్తే వాటిని ఓ మూలకి తోలితే గాని దానికి మనసు కుదుటపడదు. బోనులో ఉండి ఎవర్ని తోలుతుంది? దిగులు పెట్టుకుంటుంది.

డోవర్ నుంచి కలేకి మాత్రం గంటన్నరే. ఇది నాకు నచ్చింది. ఇంకా ఆలోచిస్తున్నాను.

ఇదంతా నీ కుక్క కోసమే సుమా. నా ఒక్కదానికైతే తెప్ప చాలు.

రోజెన్‌ని అడిగానని చెప్పు. గురువారాలు చాపెల్లో పాటల సాధన మొదలైంది. ఈ ఏడు కూడా నన్ను రెండో వరసలోనే నిలబెట్టారు.

నెస్టా


క్లెదెర్
మార్చి 9

అక్కా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే రోజెన్ లేచి వెళ్ళి మ్యాపు తెచ్చి బల్లమీద పరిచింది. కలే ఎక్కడుందో, మేమెక్కడున్నామో ఒకసారి చూడు తల్లీ. కలేలో దిగితే మా ఇంటికి నాలుగు వందల ముప్పై మైళ్ళు. పెరటి గుమ్మం తెరిచిపెట్టి పిలుస్తుంటే, ఊరంతా తిరిగి వీధి గుమ్మంలోంచి వస్తానంటావేమిటి?

షానీ గురించి నువ్వు ఇంత బెంగపడుతుంటే నాకు నవ్వొస్తోంది. అది పాలు తాగే పాపాయి కాదక్కా, పని కుక్క. మంచు పడిన ఏడు నాతో పాటు పదకొండు గంటలు కొండమీద ఉండి, నలభై గొర్రెల్ని దించుకొచ్చింది. ఆరు గంటలు బండిలో పడుకుంటే అరిగిపోదు. అయినా నీ మనసు ఒప్పుకోకపోతే రాత్రి ఓడ గది కోసం రోజూ అడుగుతూ ఉండు. ఎవరో ఒకరు మానుకోకపోరు. ఒంట్లో బాగా లేకో, మొగుడూ పెళ్ళాం పోట్లాడుకునో. ఎనిమిది జంటల్లో ఒక జంటైనా మే దాకా పోట్లాడుకోకుండా ఉంటుందా?

అదీ కాదంటే సముద్రం కింద సొరంగం రైలుంది. బండితో సహా ఎక్కి కూర్చోవచ్చు, ముప్పై అయిదు నిమిషాలు. దిగేది మళ్ళీ కలేలోనే అనుకో.

నిజమైన చిక్కు ఒకటుంది, అది నువ్వు రాయలేదు. షానీ పచ్చగడ్డి మీద తప్ప ఒంటికి పోదు. రాత్రి ఓడలో దాన్ని తిప్పడానికి ఇనుప డెక్కు మీద ఇంత జాగా ఇస్తారు. ఇనుము చూస్తే అది ససేమిరా అంటుంది. మా ఊళ్ళో ఒకాయన కుక్క పోర్ట్స్‌మత్‌లో ఎక్కి స్పెయిన్ దాకా ముప్పై గంటలు బిగబట్టింది. దిగీ దిగగానే రేవు అధికారి కుర్చీ పక్కనున్న పూలకుండీ దగ్గర నిలబడి, వెనకాల ఎన్ని బళ్ళు హారన్లు కొట్టినా కదల్లేదు. ఆ అధికారి లేచి, చేతిలో కాగితాలు ఎత్తిపట్టుకుని పక్కకి జరిగాడట. కాబట్టి ఇప్పటినుంచే షానీకి అలవాటు చెయ్యి.

ఎమ్లిన్


ట్రెగారన్
మార్చి 28

ఎమ్లిన్,

సొరంగం మాట నా దగ్గర ఎత్తకు. పోయాక ఎలాగూ కిందికే వెళతాను, టికెట్టు కొనుక్కుని ముందుగా వెళ్ళడం దేనికి?

డెక్కు సాధన మొదలుపెట్టాను. పెరట్లో పాత కప్పు రేకు ఒకటి పరిచాను. చేపల కొట్టు ప్రోసర్ తన బల్లమీద పరిచే ప్లాస్టిక్ గడ్డి ముక్క అడిగి తెచ్చి దానిమీద వేశాను. మొదటి మూడు రోజులూ షానీ ఆ గడ్డిని నాకింది. ప్రోసర్ ఎంత కడిగినా అందులో చేప వాసన పోలేదు మరి. నాలుగో రోజు కుండపోత. గొడుగు దానికి పట్టి, నేను తడుస్తూ, "కానీ తల్లీ, కానీ, ఎవరూ చూడట్లేదు" అంటున్నాను. గోడమీంచి పక్కింటి మెర్ఫిన్ తల పెట్టింది.

"ఏమిటి నెస్టా, ఎవర్ని బతిమాలుతున్నావు?"

"ఫ్రాన్సు ప్రయాణం నేర్పిస్తున్నా."

"వానలోనా?"

"ఓడ మీద వాన పడదా ఏమిటి?"

ఆవిడ ముక్కున వేలేసుకుని లోపలికి పోయింది. ఆదివారానికి ఆ సంగతి చాపెల్లో పాస్టరుగారి దాకా వెళ్ళింది. ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఒంటరితనం చాలా కష్టమమ్మా" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. నేను ఒంటరిగా ఎక్కడున్నాను?

ఎనిమిదో రోజు పొద్దున్న చేసింది! సంతోషం పట్టలేక కేక పెట్టాను. అది హడలిపోయి మళ్ళీ రెండు రోజులు రేకు వంక చూడలేదు. ఇప్పుడు కేకలు పెట్టకుండా చిన్న బిస్కట్టు ముక్క పెడుతున్నాను. రేకు కనిపిస్తే చాలు, ఎక్కేసి నా చెయ్యి వంక చూస్తోంది. అవసరం ఉన్నా లేకపోయినా.

గది కోసం మూడుసార్లు అడిగాను, లేదన్నారు. అందుకని కలేయే ఖాయం చేద్దామనుకుంటున్నాను. నాలుగు వందల మైళ్ళంటే ఒక్క ఊపున పరిగెత్తాలని ఎవరన్నారు? రోజుకి అరవై మైళ్ళు. వారం పడుతుంది, పడనీ. ఆ దారిలో ఇసుక తీరాలు బోలెడున్నాయి. షానీకి ఇసుకలో పరిగెత్తడం ఇష్టం. సముద్రపు పక్షుల్ని మందగా తోలాలని చూస్తుంది, అవి ఎగిరిపోతాయి, నా దగ్గరికొచ్చి ఫిర్యాదు చేస్తుంది. కొత్త చోట పడుకోదేమో అన్న బెంగ లేదు. దాని దిండూ దుప్పటీ ఉంటే మంచమెక్కీ ఎక్కగానే గుర్రు పెడుతుంది.

వారం కాకపోతే పది రోజులనుకో. ఏం తొందర?

నెస్టా


క్లెదెర్
ఏప్రిల్ 7

అక్కా,

మంచమా?

నా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. మంచమనే ఉంది. దిండు కూడా ఉంది. నాన్న ఉండి ఉంటే ఈ మాటకి నెల రోజులు నీతో మాట్లాడేవాడు కాదు. గొర్రెల కుక్క గడప తొక్కకూడదు, కొట్టంలో పడుకోవాలి, అప్పుడే దానికి పనిమీద ధ్యాస ఉంటుంది. ఇది మన ఇంట్లో బైబిలు తర్వాత బైబిలు. "కుక్క నా వంటింట్లో కనిపిస్తే గరిటె విరిగేలా కొడతా" అని మూడేళ్ళ కింద నా మొహం మీద చెప్పినది ఎవరు? దాన్ని గుర్రు పెట్టించే దాకా ఎప్పుడొచ్చావు? బిస్కట్లు కూడానా? లావైపోయి ఉంటుంది! నా ఎనిమిది గొర్రెలూ దాన్ని చూసి తొమ్మిదో గొర్రె అనుకుంటాయి.

సరే, వచ్చాక నేను దార్లో పెడతాలే. దానికోసం ఇంటి వెనక కొట్టం కట్టాను. గాలి తగలకుండా తూర్పు మొహంగా పెట్టాను, నేలకి చెక్క వేశాను. కొట్టమంటే ఇలా ఉండాలని మా ఊరి వాళ్ళు వచ్చి చూసి వెళుతున్నారు. ఈల కూడా సాధన చేస్తున్నాను. ముందు పన్ను ఊడినప్పటినుంచి గాలి తప్ప చప్పుడు రావడం లేదు. రోజెన్ పాపం కెటిల్ మరిగిందనుకుని రెండుసార్లు పొయ్యి దగ్గరికి పరిగెత్తింది.

ఇక్కడ అంతా మంచివాళ్ళే. ఆర్టిచోకు కూరగాయలు కోసి గుమ్మంలో పెట్టిపోతారు, డబ్బిస్తే తిడతారు. అయినా పొద్దున్న లేచి మన వెల్ష్ భాషలో ఒక్క మాట అనడానికి మనిషి దొరకడు. రోజెన్ నేర్చుకుంది గాని, నేనేదైనా తప్పు చేసినప్పుడు మాత్రమే వాడుతుంది. అందుకే అనుకుంటాను, షానీ వస్తే బాగుండునని ఈమధ్య మరీ అనిపిస్తోంది.

ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోకు. రాత్రి ఓడ కాదు, పగటి ఓడ కాదు, రైలు కాదు. చివరికి దొరికిన ఓడకి కూడా పది రోజుల దూరం తగిలించావు. రోజెన్ నవ్వుతోంది గాని నాకు నవ్వు రావడం లేదు. నీకు మా ఇంటికి రావడం ఇష్టం లేదేమో అనిపించింది. ఇష్టం లేకపోతే చెప్పెయ్, నేనేమీ అనుకోను. మా పక్కూరి గొర్రెల లారీ డ్రైవరు వచ్చే నెల వేల్స్ వెళుతున్నాడు. కాగితాలు సరిచేసి అతని చేతిలో పెడితే షానీని జాగ్రత్తగా నాకు చేరుస్తాడు. నీకు శ్రమ ఉండదు.

ఎమ్లిన్


ట్రెగారన్
ఏప్రిల్ 23

ఎమ్లిన్‌కి,

షానీ లారీలో రాదు. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

ఓడ కుదిరింది. నీ ఉత్తరం వచ్చిన రోజే మళ్ళీ ఫోను చేశాను. ప్లిమత్ రాత్రి ఓడలో ఎవరో గది మానుకున్నారట. మే 18 రాత్రి ఎక్కితే 19 పొద్దున్న రోస్కోఫ్‌లో దిగుతాం. నేను జూన్ 8న తిరుగు ఓడ ఎక్కుతాను. ఏ వేళకి రేవుకి రావాలో నీకు తెలియడానికి టికెట్టు నకలు ఇందులో పెట్టాను. నీ దగ్గరికి రావడం ఇష్టం లేకపోవడమేమిటి, పిచ్చివాగుడు. పెద్దదాన్ని, నీ చెవి మెలిపెట్టే హక్కు నాకింకా ఉంది.

దాని సంగతులు కొన్ని రాస్తున్నాను. నీ కుక్కే, నీకు తెలియనివని కాదు. మూడేళ్ళలో కొన్ని మారాయి కాబట్టి. కుడి చెవిలో అప్పుడప్పుడు చీము పడుతుంది, సీసా మందు రెండు చుక్కలు వెయ్యాలి. వేసేటప్పుడు మాట్లాడుతూ ఉండాలి, ఏదైనా సరే, నేను కొట్టు చీటీలో ధరలు చదువుతాను. ఉరిమితే బల్లకింద దూరుతుంది, లాగకూడదు, పక్కన కూర్చుంటే చాలు. మాంసం పులుసులో రొట్టె నానేసి పెడితే తింటుంది, ఉల్లిపాయ లేకుండా. ఎండుద్రాక్ష వేసిన రొట్టె మన వాళ్ళు చేసేది మాత్రం దాని కంటపడనీకు, కుక్కలకి ద్రాక్ష విషమట. అది వచ్చినప్పటినుంచి నేను ఆ రొట్టె చెయ్యడమే మానేశాను. ఆదివారం రేడియోలో పాటలు వస్తే తల నా కాలిమీద పెట్టుకుని వింటుంది. నీకు రేడియో ఉందో లేదో.

మంచం సంగతి నీ ఇష్టం. మెల్లిగా మాన్పించు. మొదటి రోజే కొట్టంలో పెట్టకు, అంతే అడుగుతున్నాను. ఒక వారం ఆగు. గుమ్మం దగ్గర దుప్పటి వేసినా సరే.

దిండూ దుప్పటీ తెస్తాను.

నెస్టా


క్లెదెర్
మే 3

అక్కా,

నీ ఉత్తరం నేను చదువుతుంటే టికెట్టు నకలు రోజెన్ చూసింది. చూసి, నా కాఫీ కప్పు పక్కన పెట్టి, వేలితో రెండు చోట్ల చూపించింది. వచ్చేటప్పుడు ఒక మనిషి, ఒక బండి, ఒక కుక్క. వెళ్ళేటప్పుడు ఒక మనిషి, ఒక బండి. "మీకు చెవులే పోయాయనుకున్నాను" అంది, వెల్ష్‌లో.

నీ ఉత్తరాలన్నీ తీసి మొదటినుంచి చదివాను. ఎంత మొద్దునక్కా నేను! మూడు నెలలుగా నువ్వు ఓడల్లో తప్పులు వెతుకుతుంటే, సముద్రమంటే భయమనుకున్నాను, నామీద ఇష్టం లేదనుకున్నాను. నలభై ఏళ్ళు కుక్కలతో పనిచేసినవాణ్ణి, కుక్క ఎవరి కాలిమీద తల పెడుతుందో అది వాళ్ళదని నాకు ఇంకొకరు చెప్పాలా?

నేను కూడా నీకు నిజం చెప్పలేదు. ఆ ఎనిమిది గొర్రెలూ నావి కావు, పక్కింటి యాన్‌వి. వాటిని ఎవరూ తోలనక్కరలేదు. పొద్దున్న తలుపు తీస్తే వెళతాయి, సాయంత్రం వాటంతటవే వస్తాయి. నాకు కావలసింది నువ్వు. మొదటి ఏడు రమ్మంటే మోకాలన్నావు. రెండో ఏడు పాటల పోటీలన్నావు. నిరుడు పిలిస్తే, కుక్కని ఎవరు చూస్తారన్నావు. కుక్కనే తీసుకురమ్మంటే ఇంకే వంకా ఉండదు కదా అని ఈ ఎత్తు వేశాను. అరవై దాటిన మగవాణ్ణి, మా అక్క కోసం బెంగగా ఉందని కాగితం మీద రాయడానికి సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నాను. బెంగగా ఉంది. చాలా ఉంది.

షానీ మీద నాకు ఆశ లేదని అబద్ధమాడను. కొట్టం కట్టేటప్పుడు చిన్నపిల్లాడిలా కట్టాను. నిన్న సాయంత్రం వెళ్ళి కాసేపు అందులో కూర్చున్నాను కూడా. కానీ ఉల్లిపాయ లేకుండా పులుసు కాచి, ద్రాక్ష రొట్టె మానేసిన మనిషి దగ్గర్నుంచి దాన్ని తీసుకుని నేనేం బావుకుంటాను?

మొన్న ఓడ ఆఫీసుకి ఫోను చేశాం. రోజెన్ మాట్లాడింది, నేను పక్కనుంచి అరిచాను. జూన్ 8 తిరుగు ఓడలో కుక్కని కూడా చేర్చారు. కుక్కల గది ఒకటి మిగిలి ఉందట, అది నీకే రాయించాం. ఇంకో పని కూడా ఉంది. బ్రిటన్‌కి తిరిగి వెళ్ళే కుక్కకి, ఓడ దిగే ముందు అయిదు రోజుల్లోపు, డాక్టరు చేత్తోనే నులిపురుగుల మాత్ర వేయించాలి. లేకపోతే ఎక్కనివ్వరు. జూన్ 5, శుక్రవారం పదకొండింటికి మా ఊరి డాక్టరమ్మ దగ్గర షానీ పేరు రాయించాను. యజమాని ఎవరని అడిగింది.

నీ పేరు చెప్పాను.

ఎమ్లిన్


ట్రెగారన్
మే 10

ఒరేయ్ అబద్ధాలకోరూ,

ఎనిమిది గొర్రెలట! యాన్ ఎవరో గాని, ఆయన గొర్రెల పేరు చెప్పి నన్ను మూడు నెలలు ఏడిపించావు. రేవులో దిగగానే ముందు నీ చెవి నా చేతికి కావాలి, తర్వాతే కౌగిలింత.

నీ ఉత్తరం పెరట్లో నిలబడి చదివాను. రెండుసార్లు చదివాను. షానీ రేకు ఎక్కి బిస్కట్టు కోసం చూస్తోంది, నేను దాన్ని పట్టుకుని ఏడుస్తున్నాను. మెర్ఫిన్ మళ్ళీ గోడమీంచి తల పెట్టింది. "ఇప్పుడేమైంది నెస్టా?" అంది. "మా తమ్ముడు రమ్మన్నాడు" అన్నాను. "దానికి ఏడుపెందుకు?" అంది. "నీకు తమ్ముళ్ళు లేరుగా, నీకేం తెలుసు?" అని షానీని తీసుకుని లోపలికి వచ్చేశాను. ఈ ఆదివారం పాస్టరుగారికి ఇంకో కబురు దొరికింది.

నాకు కూడా నీమీద బెంగగానే ఉందిరా. చెప్పకపోవడం మన ఇంటి జబ్బు, నాన్న దగ్గర్నుంచి వచ్చింది. దాన్ని కూడా నులిపురుగుల మాత్రతో దించేస్తే బాగుండును.

మూడు వారాల్లో ఏం మాట్లాడుకుంటాం మనం? నువ్వు నా మాట వినడానికే వారం పడుతుంది. ఓడ వాళ్ళకి ఫోను చేసి తిరుగు ప్రయాణం ఆగస్టు 10కి మార్చేశాను. కుక్కతో సహా. ఆ రోజుకి గది దొరికింది, ఈసారి పాట వినిపించకుండానే ఇచ్చారు. వేసవంతా నీ పెరట్లోనే నా బండి. కొట్టంలో షానీ పగలు పడుకుంటుంది, నువ్వు వెల్ష్‌లో ఎంతసేపైనా మాట్లాడుకో. యాన్ ఒప్పుకుంటే ఆ గొర్రెల్ని కూడా తోలించుకో, దానికీ కాస్త ఒళ్ళు తగ్గుతుంది. రాత్రి మాత్రం బండిలోకి, నా మంచం మీదికి వచ్చేస్తుంది. నాన్న పేరు చెప్పి నన్ను బెదిరించకు.

డాక్టరమ్మతో మాట్లాడి ఆ మాత్ర తేదీ ఆగస్టుకి మార్పించు. యజమాని పేరు మాత్రం మార్చకు.

నీ అక్క
నెస్టా